వరంగల్‌ కాపురానికి ముందు లెక్క

పిల్లల చదువుల కోసం వరంగల్‌కు మకాం మార్చాలని చాలా పల్లె కుటుంబాలు తలపోస్తున్నాయి. హైదరాబాద్‌ కంటే ఇక్కడ అద్దెలు తక్కువే. అయితే పోల్చుకోవలసింది సొంత ఊరితో. ఊళ్లో ఇంటికి అద్దె లేదు. బియ్యం పొలం నుంచి, పాలు పాడి నుంచి, కూర పెరటి నుంచి వస్తాయి. హన్మకొండలోనైనా, కాజీపేటలోనైనా ఇవన్నీ కొనాల్సిందే. కూలి ఎక్కువ గిట్టినా, పని దొరకని రోజున అద్దె ఆగదు.

2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం. మగపిల్లలకు విద్యార్థి పాసులున్నాయి. వేళకు బస్సుంటే ఊరి నుంచే చదువుకోవచ్చు. కనుక బర్రెను అమ్మకముందే ఏడాది ఖర్చు కాగితంపై వేసి చూసుకోవాలి. ఆర్టీసీ అధికారులు కాలేజీ వేళలకు బస్సులు నడిపితే ఎన్నో ఇళ్లకు తాళాలు పడవు.