బీరువా తాళం తీద్దాం



ముందుగా ఒక నిజం ఒప్పుకుంటాను. నేను ఏడో తరగతిలో ఉండగా గ్రంథాలయ వారోత్సవాల్లో "గ్రంథాలయం – ఉపయోగాలు" అనే వ్యాసానికి నాకు రెండో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు ఇచ్చారు. గ్రంథాలయం గుడి వంటిదని, పుస్తకం స్నేహితుడి వంటిదని రెండు పేజీలు నింపాను. అదంతా గైడు చూసి బట్టీ పట్టిందే. అప్పటికి మన బడి లైబ్రరీ పుస్తకం ఒక్కటి కూడా నేను ముట్టుకోలేదు! ఏటా నవంబరు 14 నుండి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. బీరువా తుడుస్తాం, బంతిపూల దండ వేస్తాం, ఉపన్యాసాలు వింటాం. 21వ తేదీన మళ్లీ తాళం పడిపోతుంది.

తాళం వేసినందుకు మాస్టార్లను తప్పుపట్టడం లేదు. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరు పట్టుకొని జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. ఆ భయం నిజమైనదే. కానీ మొన్న జూన్‌లో బడి తెరిచాక బీరువా తీస్తే ఏమైంది? కింది అరలో పుస్తకాలన్నీ చెద తినేసింది. పిల్లలు చింపిన పేజీని మెతుకులు పెట్టి అతికించుకోవచ్చు. చెద తిన్న పేజీని ఎవరు అతికిస్తారు? చదివితే పుస్తకం నలుగుతుంది, చదవకపోతే మట్టయిపోతుంది. ఏది నయమో మీరే చెప్పండి.

నాకు పుస్తకం రుచి ఎలా తెలిసిందో చెబుతాను. ఎనిమిదిలో జ్వరమొచ్చి నాలుగు రోజులు సిక్ రూములో పడుకున్నాను. ఊసుపోక ఏడుస్తూ ఉంటే ఒక మాస్టారు అట్ట లేని కథల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చారు. "పరీక్ష లేదు, ప్రశ్నలూ లేవు. ఊరికే చదువుకో" అన్నారు. ఆ మాట నాకెవరూ అంతకుముందు చెప్పలేదు. పుస్తకం ఆఖర్న పేజీలు లేవు. చివరి కథ ఏమైందో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జ్వరం తగ్గాక ఆ కథలు డార్మెటరీలో ఆరో తరగతి పిల్లలకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. వాళ్లలో ఒక తమ్ముడు ఉన్నాడు. పేరు రాయను, సిగ్గుపడతాడు. అక్షరాలు కూడబలుక్కొని చదువుతాడు. ఇంట్లో సవర తప్ప తెలుగు లేదు. క్లాసులో లేపితే తల వంచుకొని నిలబడిపోయేవాడు. ఒకరోజు కథ మంచి పట్టులో ఉండగా గంట కొట్టేశారు, ఆపేశాను. తెల్లారేసరికి వాడు నా ట్రంకు పెట్టె దగ్గర కూర్చొని ఉన్నాడు. "అన్నా, తర్వాతేటయిందో నేనే చదువుకుంతాను, పుస్తకం ఇయ్యి" అన్నాడు. ఒక పేజీ చదవడానికి వాడికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు రెండో పేజీ తిప్పాడు. బెత్తం చేయని పని కథ చేసింది.

"ముందు పాఠాలు చదవండి, తర్వాత కథలు" అని పెద్దలంటారు. సోషల్ ప్రశ్న చదవడానికే పది నిమిషాలు పడితే జవాబు ఎప్పుడు రాస్తాం? చదవడం వేగంగా రావాలంటే చదువుతూనే ఉండాలి. ఇష్టమైనదైతేనే చదువుతూ ఉంటాం. నాతోపాటు ఆరులో చేరిన స్నేహితుడొకడు ఏడులో సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లి మరి రాలేదు. వాడు చెట్టెక్కడంలో, లెక్కలు నోటితో చెప్పడంలో మా అందరికన్నా ముందు. చదవడం రాక క్లాసులో నవ్వులపాలయ్యేవాడు. ఇప్పుడు జీడితోటల్లో కూలికి పోతున్నాడు. అప్పుడు వాడి పక్కన కూర్చొని ఎవరైనా ఒక కథ చదివి ఉంటే ఇక్కడే ఉండేవాడేమో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎస్.ఆర్. రంగనాథన్ గారు మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాస్తే, మొట్టమొదటి సూత్రం పుస్తకం ఉన్నది వాడుకోవడానికే అన్నది. పూర్వం ఐరోపాలో పుస్తకాలను బల్లలకు గొలుసులతో కట్టేసేవారట. మన బీరువా తాళం ఆ గొలుసుకి చుట్టమే. అదే మన తెలుగు నేల మీద పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద పుస్తకాలు ఎక్కించి జనం దగ్గరికే పంపారు. మనకి పడవ అక్కర్లేదు. బీరువా నుండి వరండాకి ఇరవై అడుగులు!

అందుకని నా మనవి ఇది:

1. వారానికి రెండు సాయంత్రాలు బీరువా తీయాలి. తొమ్మిది, పది తరగతుల నుండి ఇద్దరు బాధ్యత తీసుకోవాలి. రిజిస్టరు మేం రాస్తాం. మొదటి పేరు నాదే రాసుకోండి.

2. శనివారం స్టడీ అవరులో అరగంట పెద్ద తరగతి వాళ్లు చిన్నవాళ్లకి కథ చదివి వినిపించాలి. మంచి పట్టులో ఆపేయాలి. మిగతాది వాళ్లే వెతుక్కుంటారు.

3. చదివిన ప్రతి పుస్తకానికీ సారాంశం రాయమని అడగొద్దు. నచ్చితే స్నేహితుడికి చెబుతాడు, అది చాలు. బొమ్మల పుస్తకం తీసుకున్న ఎనిమిదో తరగతి వాణ్ణి ఎవరూ ఎగతాళి చేయొద్దు.

4. చినిగిన పుస్తకానికి జరిమానా వద్దు. చింపినవాడే ఆదివారం కూర్చొని అతికించాలి.

5. సెలవులకి వెళ్లినప్పుడు ప్రతివాడూ తాతనో, అవ్వనో అడిగి ఒక కథ రాసుకొని రావాలి. సవర కథ సవరలోనే, తెలుగు అక్షరాల్లో రాద్దాం. పక్కన తెలుగులోనూ రాద్దాం. కుట్టి అట్ట వేస్తే అది మన లైబ్రరీ పుస్తకమే.

ఐదోది కుదరదని కొందరు నవ్వొచ్చు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర వాళ్ల దగ్గర కూర్చొని మన భాష నేర్చుకున్నారు, మన పిల్లల కోసం సవరలో వాచకాలు రాశారు. ఆయన చేసిన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. బయటి నుండి వచ్చిన పెద్దాయన అంత కష్టపడితే, నోట్లో భాష ఉన్న మనం ఒక్క కథ రాయలేమా?

హెచ్.ఎం. మాస్టారు ఈ గోడపత్రిక ప్రతిసారీ చదువుతారని మాకు తెలుసు. మాస్టారూ, ఒక్క నెల పరీక్షగా తాళంచెవి మాకివ్వండి. పుస్తకం తగ్గితే మళ్లీ తాళం వేయండి, మేం మాట్లాడం.

అన్నట్టు, ఆ అట్ట లేని పుస్తకం చివరి కథకి ముగింపు నేనే కల్పించి చెప్పాను. అసలు ముగింపు అది కాదని ఆ ఆరో తరగతి తమ్ముడు వాదిస్తున్నాడు. పూర్తి పుస్తకం బీరువాలో ఉందేమో వెతకాలి. త్వరగా తాళం తీయించండి!

– తొమ్మిదో తరగతి విద్యార్థి