ఉప్పుగాలికి మట్టి విరుగుడు

డిగ్నాబాద్‌లో ఇల్లు కట్టాలంటే సిమెంటు సముద్రం దాటి రావాలి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని పేట ఇది. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసే కర్మాగారం దీవుల్లో లేదు. అంత దూరం నుంచి వచ్చిన సిమెంటుకు అసలు పరీక్ష గోడ లేచాకే మొదలవుతుంది. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, దానికి తోడు ఉప్పుగాలి. ఉప్పులోని క్లోరైడ్లు కాంక్రీటు రంధ్రాల్లోంచి లోపలికి చేరితే ఇనప ఊచ తుప్పు పడుతుంది. తుప్పుతో ఊచ ఉబ్బి శ్లాబు పెచ్చులూడుతుంది. భూకంపాల ముప్పున్న చోట అది పైపై నష్టం కాదు.

దీనికి విరుగుడు కాల్చిన మట్టిలో దొరికింది. మామూలు సిమెంటులో నీళ్లు కలిపితే రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కాంక్రీటుకు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ బంక. రెండోది బలానికి పెద్దగా ఉపకరించని సున్నం. కయోలినైట్ ఉన్న బంకమన్నును 700 నుంచి 800 డిగ్రీల దాకా కాలిస్తే దాని అణువుల్లో బిగుసుకున్న నీరు పోయి, స్ఫటిక నిర్మాణం చెదురుతుంది. ఆ మట్టి ఈ సున్నంతో కలిసి మరింత బంకను తయారుచేస్తుంది. మెత్తగా నూరిన సున్నపురాయినీ జోడిస్తే మట్టిలోని అల్యూమినా దానితో కలిసి కొత్త స్ఫటికాలుగా మారి రంధ్రాలను పూడుస్తుంది. క్లోరైడ్లకు దారి ఇరుకవుతుంది.

ఈ సూత్రంతో పుట్టిందే ఎల్‌సీ3. స్విట్జర్లాండ్, క్యూబా పరిశోధకులతో కలిసి ఢిల్లీ, మద్రాస్, బొంబాయి ఐఐటీలు దీనిపై పనిచేశాయి. ఇందులో సగమే క్లింకర్. 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం. టన్ను క్లింకర్ తయారీలో దాదాపు 800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో సగానికి పైగా ఇంధనానిది కాదు, సున్నపురాయిదే. క్లింకర్ తగ్గితే ఉద్గారాలు 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి. సముద్ర మట్టం పెరిగితే ముందుగా మునిగేది దీవులే కాబట్టి ఈ లెక్క డిగ్నాబాద్‌కూ సంబంధించినదే.

ఆలోచన మరీ కొత్తదేం కాదు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిన పాత తాపీమేస్త్రులు చేసిందీ ఇదే. భాక్రా ఆనకట్ట కాంక్రీటులోనూ కాల్చిన మట్టిని వాడారు. తర్వాత థర్మల్ కేంద్రాల బూడిద, ఉక్కు కర్మాగారాల స్లాగ్ చౌకగా దొరకడంతో మట్టి వెనకబడింది. అయితే ప్రపంచ సిమెంటు అవసరానికి ఆ రెండూ చాలవు. మట్టికి ఆ కొరత లేదు. పింగాణీకి వాడే మేలు రకమే కావాలన్న నియమమూ లేదు, 40 శాతం కయోలినైట్ ఉంటే చాలు. ద్వారకా తిరుమల వంటి చోట్ల పింగాణీ మట్టి తవ్వే గనుల్లో పక్కన పడేసే తక్కువ రకానికీ ఇలా గిరాకీ రావచ్చు.

అలాగని ఎర్రగా కనిపించే ప్రతి మట్టీ పనికిరాదు. కయోలినైట్ ఎంతుందో పరీక్షించాలి. వేడి 900 డిగ్రీలు దాటితే మట్టి చురుకుదనం పోతుంది. కాల్చిన మట్టి నీటిని ఎక్కువ పీలుస్తుంది. పని తేలికవుతుందని మేస్త్రి ఇంకో బకెట్ నీళ్లు పోస్తే లాభమంతా పోతుంది, నీటికి బదులు ప్లాస్టిసైజర్ వాడాలి. సున్నం నిల్వ తక్కువ కాబట్టి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తట్టుకునే శక్తి కొంత తక్కువ. ఊచపై కాంక్రీటు పొర తగినంత మందంగా ఉండాలి, క్యూరింగ్‌లో పిసినారితనం కూడదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఐఎస్ 18189 పేరిట ఈ సిమెంటుకు ప్రమాణం ప్రకటించింది. ఇక టెండరు రాసే ఇంజనీరు, ఇల్లు కట్టుకునే యజమాని దాన్ని అడగాలి. బస్తాకు ఓడ కిరాయి ఒకటే, శ్లాబు ఇరవై ఏళ్లకే పెచ్చులూడినా, మనవళ్ల దాకా నిలిచినా.