ప్రొడక్షన్ సర్వరుకో న్యాయం, కారుకో న్యాయం!

ముందే మనవి చేసుకుంటున్నాను, ఇది మెకానిక్కుల మీద ఏడుపు కాదు. ఆ ఏడుపు మనం రోజూ ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఏడుస్తూనే ఉన్నాం. "సర్వీసింగుకిచ్చా గురూ, పద్దెనిమిది వేలు బొక్క" అని ఒకడంటే, "నాకు ఇరవై రెండు" అని ఇంకోడు అదేదో ఇంక్రిమెంటు వచ్చినంత గర్వంగా చెప్తాడు. ఇవాళ నేను తిట్టబోయేది మనల్నే. మనల్ని అంటే నాతో సహా.

కథ చెప్పాక తిడతా, అప్పుడు కాస్త న్యాయంగా ఉంటుంది.

నా కారు ఏ కంపెనీదో అనవసరం. నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి. వారానికి రెండ్రోజులే ఆఫీసు కాబట్టి మిగతా ఐదు రోజులూ మా అపార్టుమెంటు సెల్లార్లో విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. ఒకరోజు పొద్దున సిగ్నల్ దగ్గర ఆగితే బండి మలేరియా వచ్చినట్టు వణకడం మొదలెట్టింది. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగింది. తీసుకెళ్ళి కంపెనీ వాళ్ళ సర్వీసు సెంటర్లో పెట్టాను. మెళ్ళో ట్యాగు, చేతిలో ట్యాబు ఉన్న కుర్రాడొచ్చి "మిస్సింగ్ కొడుతోంది సార్, మేం చూసుకుంటాం" అన్నాడు. సంతకం పెట్టమన్నచోట పెట్టాను. సాయంత్రం నాలుగు కొత్త ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ క్లీనింగు, ఇంజిన్ ఫ్లష్షు, ఏసీలో ఏదో సువాసన స్ప్రే, అన్నీ కలిపి 7,200 రూపాయలు. వణుకుకీ ఏసీ సువాసనకీ ఏం సంబంధమో నేను అడగలేదు. దీపం ఆరిపోయింది కదా, చాలనుకున్నాను.

పది రోజులకి మళ్ళీ వెలిగింది. ఈసారి మూడో సిలిండరు ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. 5,600. దీపం మళ్ళీ ఆరింది.

మూడోసారి వెలిగినప్పుడు బండిలో మా నాన్న ఉన్నారు. నరసరావుపేట నుంచి తీసుకొస్తున్నాను, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కంటి ఆపరేషను. రాత్రి పదిన్నరకి చౌటుప్పల్ దాటకముందే బండి ఊగిపోవడం మొదలెట్టింది. దీపం ఈసారి నిలకడగా లేదు, మిటకరిస్తోంది. వెనక లారీలు హారన్లు. పక్కకి తీసి ఆపేశాను. లాక్కెళ్ళే బండి రావడానికి రెండున్నర గంటలు పట్టింది. డెబ్భై మూడేళ్ళ షుగరు మనిషి అంతసేపూ రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. ఇల్లు చేరేసరికి తెల్లవారుఝాము మూడైంది. పొద్దున ఆస్పత్రిలో షుగరు చూసి, ఇప్పుడు కాదు పొమ్మన్నారు. ఆపరేషను మూడు వారాలు వెనక్కి పోయింది.

సర్వీసు సెంటరు వాళ్ళు ఈసారి తేల్చి చెప్పారు. "ఈసీఎం పోయింది సార్. 54,000. పార్టు రావడానికి మూడు వారాలు."

నేను కార్డు తీయబోతున్నాను. నిజం చెప్తున్నా, తీయబోతున్నాను! మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా రిటైరయ్యారు. అప్పటిదాకా ఏమీ మాట్లాడని ఆయన అప్పుడడిగారు. "ఒరేయ్, రెండుసార్లు సామాను మార్చారు కదా, పాత సామాను చేతికిచ్చారా? రోగం ఏంటో కాగితం మీద రాసిచ్చారా?"

లేదు.

"మా డిపోలో డ్రైవరు బండి దిగేటప్పుడు రోగం రాసిచ్చేవాడు. అది చదివాకే స్పానరు పట్టుకునేవాళ్ళం. నువ్వు చేసే ఉద్యోగం కూడా అదేగా?"

చెంప పగిలింది. నేను చేసే ఉద్యోగం అదే మరి! అర్ధరాత్రి సర్వరు పడిపోతే ముందు లాగు చదువుతాను. లాగు చూడకుండా ఎవడైనా రీస్టార్ట్ కొడితే వాడి మీద కేకలేస్తాను. "ఏం మార్చావ్? ఎందుకు మార్చావ్? మార్చింది వెనక్కి తీస్తే ఏమవుతుంది?" అని ప్రాణాలు తోడేస్తాను. అలాంటివాణ్ణి, పన్నెండు లక్షలు పోసి కొన్న యంత్రం, నా కుటుంబం మొత్తం కూర్చునే యంత్రం మొరాయిస్తే, లాగు చెరిపేసినవాడికి రెండుసార్లు డబ్బులిచ్చి థాంక్యూ చెప్పి వచ్చాను.

లాగు చెరపడం అని ఊరికే అనట్లేదు. ఆ పసుప్పచ్చ దీపం వెనక నిజంగానే లాగు ఉంటుంది. ఓబీడీ అంటారు. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచీ తప్పనిసరి. మన దేశంలో 2010లో మొదటి దశ, 2013లో రెండో దశ వచ్చింది. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, చూడండి. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ ముక్క దాంట్లో గుచ్చి, ఫోన్లో ఒక యాప్ వేసుకుంటే ఎర్రర్ కోడ్ మన కళ్ళకే కనిపిస్తుంది. పి0300 అంటే ఏదో ఒక సిలిండరని కాకుండా అక్కడక్కడా మిస్సింగు. పి0303 అంటే మూడో సిలిండర్లో మిస్సింగు. దీపం నిలకడగా వెలిగితే త్వరగా చూపించుకో అని అర్థం. మిటకరిస్తే, మండని పెట్రోలు వెళ్ళి కేటలిటిక్ కన్వర్టర్ని కాల్చేసే ప్రమాదం ఉంది, బండి ఆపు నాయనా అని అర్థం. ఇదంతా ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉందే, అదే!

కోడ్ చెరిపేస్తే దీపం ఆరుతుంది. రోగం ఉంటే కొన్నాళ్ళకి మళ్ళీ వెలుగుతుంది. ఈ మధ్య ఉన్న కొన్నాళ్ళకి నేను 12,800 కట్టాను.

చివరికి బండిని మియాపూర్లో ఒక సందులో ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళాం. భాయ్ స్కానర్ పెట్టి స్క్రీను నా వైపు తిప్పాడు. రెండు కోడ్లున్నాయి. పి0303, పి0203. రెండోది మూడో ఇంజెక్టరు కరెంటు దారికి సంబంధించింది. ఆయన మల్టీమీటరు తీసి నాలుగు ఇంజెక్టర్లూ కొలిచాడు. నాలుగింటికీ ఇంచుమించు ఒకటే రీడింగు. "ఇంజెక్టర్ అచ్ఛా హై సాబ్. వైరు చూద్దాం." వైరు వెంట చెయ్యి పోనిచ్చి, మానిఫోల్డు కిందనుంచి బయటికి లాగాడు. పైతొక్క లేదు, లోపల రాగి పోగులు రెండో మూడో మిగిలాయి. "చూహా కాటా!" అని నవ్వాడు.

ఎలుక.

ఆ రెండు పోగులూ తగిలినప్పుడు బండి నడుస్తుంది, కుదుపుకి తగలనప్పుడు వణుకుతుంది. ప్లగ్గులు మార్చేటప్పుడు, కాయిల్ మార్చేటప్పుడు చెయ్యి తగిలి వైరు సర్దుకుని ఉంటుంది, అంతే. భాయ్ ముక్క అతికి, టంకం వేసి, పైన తొడుగు ఎక్కించి 800 తీసుకున్నాడు. ఈసీఎం నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు చెప్పండి. కొత్త కాయిల్ అంటగట్టే ముందు, పాత మూడో కాయిల్ తీసి రెండో సిలిండరు మీద పెట్టి చూడటానికి ఎంతసేపు? ఐదు నిమిషాలు. రోగం దాంతోపాటు రెండోదానికి మారితే కాయిల్‌ది తప్పు, మారకపోతే కాదు. ఇది మనం రోజూ చేసే డీబగ్గింగే కదా! ఎందుకు చేయలేదు? నేను అడగలేదు కాబట్టి. ఆ సర్వీసు అడ్వయిజరు కుర్రాడికి నెలకింత బిల్లు చేయాలని టార్గెట్ ఉంటుంది. రోగం కనిపెట్టినందుకు వాడికి పైసా రాదు, ఫ్లష్షు అమ్మితే వస్తుంది. ఇక్కడ మనం కొనేది పార్టులే తప్ప రోగనిర్ధారణ కాదు. రోగం చెప్పడానికి ఐదొందలు అడిగితే "చూసినందుకే డబ్బులా?" అని మనమే గొడవపడతాం, ఐదు వేల పార్టుకి మాత్రం నోరెత్తం. ఇలాంటి బజారులో పార్టులు కాక ఇంకేం అమ్ముతారు?

"మరి వారంటీ పోదా?" అంటాడు మా టీమ్ లీడు. ఈ భయం మీదే సగం వ్యాపారం నడుస్తోంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది. ఎందుకో తెలుసా? విడిభాగాలూ, రోగం కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నందుకు. వాటిని బయట అందుబాటులో పెట్టమంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టొద్దంది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, అది వేరే సంగతి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ పెడితే అందులో వాహనాలూ ఉన్నాయి. బిల్లు మీద పేచీ వస్తే 1915 అనే హెల్ప్‌లైన్ ఉంది. నాకు వారంటీ అప్పటికే అయిపోయింది, అయినా "కంపెనీ సర్వీసే మేలు" అని వెళ్ళాను చూడండి, దాన్నేమనాలి?

అలాగని సందులో ఉన్నవాళ్ళంతా ధర్మరాజులనట్లేదు. డూప్లికేటు సామాను వేసేవాళ్ళున్నారు, ఉన్న పార్టు నొక్కేసేవాళ్ళూ ఉన్నారు. సర్వీసు సెంటర్లలో పని తెలిసిన టెక్నీషియన్లు బోలెడుమంది ఉన్నారు, కానీ వాళ్ళని మనం ఎప్పుడైనా చూశామా? అద్దం ఇవతల ఏసీలో కూర్చుని ఉచిత కాఫీ తాగుతాం, అద్దం అవతల ఏం జరుగుతోందో వాట్సాప్‌లో బిల్లు వచ్చాకే తెలుస్తుంది. తేడా బోర్డులో లేదు. స్క్రీను మన వైపు తిప్పాడా లేదా, అందులో ఉంది.

సరే, ఎలుక సంగతి మిగిలింది. అదెక్కడిది?

మా సెల్లార్లో లిఫ్టు పక్కన చెత్తడబ్బాలు. మూడో బ్లాకులో ఒకావిడ పావురాలకి గింజలు వేస్తుంది. ఐదు రోజులు కదలని కార్ల కింద చీకటిగా, వెచ్చగా ఉంటుంది. ఎలుక పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి కొరకాల్సిందే. దాన్ని తప్పు పట్టలేం. చెత్తడబ్బాలు గేటు బయటికి మార్చమని అసోసియేషన్ మీటింగులో అడిగాను. "మీరు కారు రోజూ తీయండి" అన్నారు! ఆ మీటింగు గంటన్నరలో గంట, ఎవరి రెండో కారు ఎవరి గీత మీదకి అర అడుగు జరిగిందన్న దానికే సరిపోయింది. ఒక్కో ఫ్లాటుకి ఒక్కో పార్కింగు, ఇంటికి రెండు కార్లు, అదీ పోటాపోటీగా పెద్దవి. నా స్తంభాల మధ్య టేపు పెట్టి కొలిచాను, ఏడున్నర అడుగులు. డోరు తీసి దిగాలంటే యోగా రావాలి.

ఈ స్థలానికి మా బిల్డరు విడిగా మూడు లక్షలు తీసుకున్నాడు. రసీదు అడిగితే నవ్వాడు. మేమూ నవ్వి ఇచ్చేశాం. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద, స్టిల్ట్ పార్కింగు బిల్డరు విడిగా అమ్ముకునే సరుకు కాదు, అందరి ఉమ్మడి స్థలమని చెప్పింది. 2016 రెరా చట్టంలో ఓపెన్ పార్కింగు ఉమ్మడి స్థలాల లెక్కలోకే వస్తుంది. మాలో ఒక్కరం కూడా కొనే ముందు ఇవి చదవలేదు. నలభై ఫ్లాట్లలో ముప్పై మంది ఐటీవాళ్ళమే! జాబ్ కార్డు మీద ఎలా సంతకం పెట్టానో, ఇక్కడా అలాగే పెట్టాను.

"ఇవన్నీ చూసుకునే టైమ్ ఎవడికుంది బాస్?" అన్నది ఆఖరి ఆయుధం. నాకూ అదే ఉండేది. లెక్కేసుకున్నాను. సర్వీసు సెంటరుకి మూడుసార్లు తిరగడం, రెండు రోజుల సెలవు, హైవే మీద రెండున్నర గంటలు, ఆస్పత్రికి రెండోసారి వెళ్ళడం. కోడ్ చదవడానికి పట్టేది రెండు నిమిషాలు. టైమ్ లేకపోవడం కాదు, అడిగితే తెలీనివాడిలా కనిపిస్తామన్న సిగ్గు. డబ్బు పారేస్తే ఆ సిగ్గు దాక్కుంటుంది. కానీ ఆ రాత్రి రాయి మీద కూర్చున్నది నేను కాదు, మా నాన్న.

అందుకే ఇప్పుడు నేను నాలుగే అడుగుతున్నాను, ఏ షెడ్డయినా సరే. ఒకటి, కోడ్ ఏంటో జాబ్ కార్డు మీద రాయాలి. రెండు, పని మొదలెట్టకముందు ఎస్టిమేటు కాగితం మీద ఇవ్వాలి. మూడు, ఈ పార్టే పోయిందని ఎలా తేల్చారో చెప్పాలి. నాలుగు, పాత పార్టు నా డిక్కీలో పెట్టాలి. రోగం చూసినందుకు ఫీజు అడిగితే బేరమాడకుండా ఇస్తాను. మాన్యువల్లో లేని ఫ్లష్షులూ, కోటింగులూ, సువాసనలూ వద్దు.

మొదటిసారి అడిగినప్పుడు ఆ కుర్రాడు నన్ను వింతగా చూశాడు. రెండోసారి స్క్రీను తిప్పి చూపించాడు. మనలో పదిమంది అడిగితే వాడి మేనేజరు కూడా తిప్పమంటాడు.

నాన్నకి ఆపరేషను అయింది, చూపు బావుంది. మొన్న సెల్లార్లోకి దిగి, బానెట్ ఎత్తించి, ఆ అతుకు దగ్గర వేలితో తడిమి చూసి "గట్టిగానే వేశాడు" అన్నారు. చెత్తడబ్బాలు మాత్రం ఇంకా లిఫ్టు పక్కనే ఉన్నాయి. వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతా.

ఇంతకీ మీ గ్లవ్ బాక్సులో ఆ ప్లాస్టిక్ కవరు విప్పారా?