లంబాడా! వేసిందెవరు? పేరు వేసిందెవరికి?

మన తెలుగులో 'వేయడం' అనే మాట మహా గడుసుది. కోపమొస్తే హీరో విలన్‌కి రెండు వేస్తాడు. దిగులేస్తే బాటిల్ తీసి రెండు పెగ్గులు వేస్తాడు. హుషారొస్తే హీరోయిన్‌తో నాలుగు స్టెప్పులు వేస్తాడు. దెబ్బకీ, మందుకీ, డాన్సుకీ ఒకటే మాట!

ఇలాంటి గడుసు మాట బ్రెజిల్ వాళ్లకీ ఒకటుందండోయ్. అదే 'లంబాడా'. వాళ్లు మాట్లాడే పోర్చుగీసులో దానికి అసలర్థం దెబ్బ. చెళ్లుమని తగిలే దెబ్బ. అక్కడి మందు కొట్లో అదే మాటకి అర్థం ఒక్క గుక్కలో గొంతు దిగే కషాసా. చెరకురసం పులియబెట్టి కాచే సారా అది. ఘాటు 38 నుంచి 48 శాతం దాకా ఉండాలని అక్కడి చట్టమే చెబుతుంది. దెబ్బ అన్నారంటే అనరూ మరి!

ఇక మూడో అర్థం డాన్సు. అమెజాన్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో బెలెం అనే నగరముంది. అక్కడి రేడియో వాళ్లు హుషారు పాటలకి ఈ పేరు పెట్టారనీ, అదే డాన్సుకీ అంటుకుందనీ చెబుతారు. అన్నట్టు, మన తండాల్లో లంబాడీలు ఆడే ఆటకీ, దీనికీ చుట్టరికం లేదు. పేర్లు కలిశాయంతే.

ఇప్పుడు సినిమా కథలాంటి కథ వినండి. 1981లో బొలీవియాకి చెందిన 'లోస్ ఖార్కాస్' బృందం ఒక విషాద గీతం రికార్డు చేసింది. కట్టినవాళ్లు ఎర్మోసా అన్నదమ్ములు, ఉలిసెస్, గొన్సాలో. పాట పేరుకి అర్థం 'ఏడుస్తూ వెళ్లిపోయింది'. ఆ ఏడుపు పాటే పెరూలో హుషారెక్కింది. 1986లో బ్రెజిల్ గాయని మార్సియా ఫెరీరా దాన్ని పోర్చుగీసులో పాడింది. 1989లో ఫ్రాన్సు నిర్మాతలు 'కయోమా' అనే బృందాన్ని కూర్చి, లోఆల్వా బ్రాజ్ చేత పాడించి, 'లంబాడా' అని విడుదల చేశారు. ఇంకేముంది, యూరపంతా ఊగిపోయింది! మన దాకా కూడా వచ్చింది. 1990 నాటి హిందీ 'ఘాయల్'లో 'సోచ్‌నా క్యా' పాట విన్నవాళ్లకి ఆ వరస తెలుసు.

హాలీవుడ్ ఊరుకుంటుందా? ఒకప్పుడు కలిసి సినిమాలు తీసి విడిపోయిన వరస అన్నదమ్ములు మెనాహెమ్ గోలన్, యోరామ్ గ్లోబస్ పంతానికి పోయారు. ఒకరిది 'లంబాడా', ఇంకొకరిది 'ది ఫర్బిడెన్ డాన్స్'. రెండూ ఒకేరోజు, 1990 మార్చి 16న విడుదలయ్యాయి. రెండూ పెద్దగా ఆడలేదు. అది కూడా లంబాడాయే, మొదటి అర్థంలో!

అంతా బాగానే ఉంది. మరి కయోమా రికార్డు మీద పాట కట్టినవాడిగా ఎవరి పేరుందో తెలుసా? 'చికో డె ఒలివేరా'. అలాంటి మనిషే లేడు! అది ఫ్రాన్సు నిర్మాతల్లో ఒకరైన ఒలివియే లోర్సా పెట్టుకున్న మారుపేరు. లోకమంతా స్టెప్పులేస్తుంటే, బాణీ కట్టిన అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. చివరికి పాట తమదేనని ఒప్పించుకున్నారు, పైకం రాబట్టుకున్నారు. 2011లో జెన్నిఫర్ లోపెజ్ 'ఆన్ ది ఫ్లోర్'లో ఆ వరస మళ్లీ వినిపించినప్పుడు మాత్రం రచయితల జాబితాలో ఎర్మోసాల పేర్లున్నాయి.

వరస చేతులు మారడం కొత్తేమీ కాదు. పాటకి కాళ్లుంటాయి, దేశాలు దాటుతుంది. దాటనివ్వండి! కానీ కన్నవాళ్ల పేరు చెరిపేసి దాటించడం ఏం న్యాయం?

అందుకే కుర్రకారుకి నా మాట ఒక్కటే. స్టెప్పులు ఎన్నయినా వేయండి. పెగ్గులు వేయకపోతే మరీ మంచిది. కానీ రేపు మీలో ఎవరైనా సినిమా తీస్తే, టైటిల్సులో అసలువాడి పేరు వేయండి. 'వేయడం' అనే మాటకున్న అర్థాలన్నిట్లోకీ గొప్పది అదే!