కొలను లెక్క బోరుకు పొసగదు

పాతబస్తీలో ఈతకొలను నిర్వహించేవారికి విద్యుత్ ఖర్చు తగ్గించుకునే మార్గం సులభమే: వడపోత పంపు వేగం తగ్గించి ఎక్కువసేపు నడపడం. అపకేంద్ర పంపులో ప్రవాహం వేగానికి, పీడనం వేగపు వర్గానికి, కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటాయి. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు దిగుతుంది. సమయం రెట్టింపైనా యూనిట్లు నాలుగో వంతే. మోటారు నష్టాల వల్ల అంతా దక్కదనుకోండి.

అయితే మన విద్యార్థులు ఈ ఘననియమాన్ని బోరుబావికి యథాతథంగా అన్వయించడం నాకు సమ్మతం కాదు. కొలను నీరు తిరిగి కొలనులోకే చేరుతుంది. పంపుకు ఎదురయ్యేది ఘర్షణ ఒక్కటే. బోరులో 60 మీటర్ల లోతు నుంచి ఎత్తాలంటే ఆ ఎత్తు వేగంతోపాటు తగ్గదు. వేగం సగం చేస్తే పీడనం నాలుగో వంతై, మోటారు తిరుగుతున్నా చుక్క పైకి రాదు. నీటి ప్రవాహంతో చల్లబడవలసిన సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోవచ్చు కూడా. మేడపై ట్యాంకు నింపే పంపుదీ కొంతవరకు ఇదే కథ.

సాగు విద్యుత్తు 2004లో ఉచితమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. రైతుకు బిల్లు లేనప్పుడు యూనిట్ల ప్రసంగం చెవికెక్కదు. బోరు ఇంకెన్ని వేసవులు నిలుస్తుందో విస్తరణ శాస్త్రవేత్తలు చర్చించాలి. రాజేంద్రనగర్ ప్రయోగ తరగతుల్లోనూ ముందు నీటిమట్టం కొలిపించి, తరువాతే వేగం మార్పించాలి.