నక్షత్రం దింపిన తర్వాత

డిసెంబరు వస్తే చాలు, మన ఏజెన్సీ ఊళ్లలో చర్చిల మీద నక్షత్రాలు వెలుగుతాయి. కుర్రాళ్లు చందాలు పోగుచేస్తారు. సౌండు బాక్సులు మైదానం నుంచి జీపెక్కి వస్తాయి. కొత్త సంవత్సరం దాటగానే నక్షత్రాన్ని దింపి అటక మీద పెడతారు. దానితోపాటే క్రీస్తునూ అటకెక్కిస్తున్నారు కొందరు. ఈ మాట కటువుగా ఉంటుందని తెలుసు. కానీ ఆదివాసీ విశ్వాసులం, అందులోనూ పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం, మేం అనకపోతే ఎవరంటారు?

కాఫీ పండ్లు కోసే రోజుల్లోనే క్రిస్మస్ వస్తుంది. పాడేరు, చింతపల్లి వైపు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. చాలా ఇళ్లలో అదీ షావుకారు బాకీకే పోతుంది. మిగిలినదాంతో పిల్లలకు కొత్త బట్టలు కొంటే మేం తప్పుపట్టం. ఏడాదికొకసారి కొత్త గుడ్డ కట్టుకుంటే ఎవరికి నష్టం? ఇంటికింత అని చందా కట్టి, ఎక్కువ ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదవడాన్నే మేం ప్రశ్నిస్తున్నాం. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు మెచ్చుకున్నాడని ప్రసంగించేదీ ఆ మైకులోనే!

అంతకన్నా పెద్ద సంగతి భూమి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదని 1970లోనే 1/70 చట్టం వచ్చింది. ఇక్కడి ప్రభుత్వ భూములను కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి రోడ్ల పక్కన బయటివాళ్ల లాడ్జీలు ఎలా లేస్తున్నాయి? కాగితం మీద మనవాడి పేరే ఉంటుంది. డబ్బు ఇంకొకడిది. అలా పేరు అరువిచ్చినవాడు క్రిస్మస్ రాత్రి ముందు వరసలో కూర్చుంటాడు. సంఘ పెద్ద అతనికి శాలువా కప్పుతాడు.

నాబోతు కథ సండే స్కూలు పిల్లలకూ తెలుసు. వెల ఇస్తానన్నా, ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నా, పితరుల స్వాస్థ్యం ఇవ్వనని రాజు ముఖం మీదే చెప్పాడు. దొంగ సాక్ష్యం పెట్టి అతన్ని రాళ్లతో కొట్టి చంపించారు. కొండ మీద ఉన్న మనకు ఇంతకన్నా దగ్గరి కథ బైబిలులో ఏముంది? దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం? అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు జక్కయ్య. మన పిల్లలకు మాత్రం అతను చెట్టెక్కినంతవరకే నేర్పుతున్నారు.

ఇక చుట్టరికం. కొత్తల పండుగనాడు అన్న ఇంటికి పోవద్దు, ఇటుకల పండుగకు ఊళ్లో ఉండొద్దు, థింసా ఆడొద్దు, డప్పు ముట్టొద్దు అని కొందరు పాస్టర్లు ఆంక్షలు పెడుతున్నారు. పూజలో కూర్చోకపోవడం మన విశ్వాసం. అన్న గడప తొక్కకపోవడం ఏ విశ్వాసం? మామయ్య చనిపోతే పాడె పట్టడానికి కూడా రానివాడు డిసెంబరు ఇరవై అయిదున కేకు ముక్క పట్టుకుని అదే ఇంటికి వెళితే, వాళ్లు తలుపు వేసుకోరా?

మతం మారినవాళ్లను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని కొందరు ఊరేగింపులు చేస్తున్నారు. ఎస్సీలకు 1950 ఉత్తర్వు పెట్టిన మత నియమం ఎస్టీలకు లేదు. మన గుర్తింపు తెగది, మతానిది కాదు. ఈ సంగతి టీచర్లు ప్రతి ఊళ్లో చెప్పాలి. అయితే తెగ ఆచారమంతా సైతానుదని మైకులో అరిచేవాళ్లు ఆ ఊరేగింపులవాళ్ల చేతికి కర్ర అందిస్తున్నారు. మనం ఆదివాసులమే అని తహసీల్దారు దగ్గర చెప్పే నోరు ఊరి గుడి వీధిలో ఎందుకు మూతపడుతుంది?

భాష గురించి ఒక్క మాట. కువి తప్ప వేరే మాట రాని అవ్వ రెండు గంటల తెలుగు ప్రసంగం విని లేచి వస్తుంది. రక్షకుడు పుట్టిన కబురు మొదట అందింది రాత్రిపూట మందలు కాసుకునే కాపరులకు. వాళ్లకు అర్థం కాని భాషలో చెప్పి ఉంటే వాళ్లు మందను వదిలి బేత్లెహేముకు పోయేవాళ్లా?

యువకులారా, జనవరిలో సంఘ లెక్కలు చదివే ఆదివారం ఒకటి వస్తుంది. ఆ రోజు వెనక వరసలో ఫోను చూసుకుంటూ కూర్చోకండి. సౌండు బాక్సులకు ఎంత అయిందో అడగండి. వానాకాలంలో డోలీ మీద గర్భిణిని మోసుకొచ్చిన ఇంటికి సంఘం ఎంత ఇచ్చిందో అడగండి. రోడ్డు పక్క భూములు ఎవరెవరి పేర్ల మీద ఉన్నాయో, శాలువాలు ఎవరెవరికి కప్పారో అదే మైకులో చదవమనండి.