కారుకు అడ్డుగోడ, బస్సుకు పక్కవాకిలి

చైనాలో తయారైన విద్యుత్ కారుకు అమెరికా తలుపులు దాదాపుగా మూసుకుపోయాయి. 2024 సెప్టెంబరు 27 నుంచి వాటిపై విధించే అదనపు సుంకం 25 శాతం నుంచి ఏకంగా 100 శాతానికి పెరిగింది. నిజానికి ఒక్క సుంకంతో ఆగే సరుకు కాదది. బీవైడీ సంస్థ సీగల్ అనే చిన్న కారును చైనాలో పది వేల డాలర్ల లోపే అమ్మింది. ఆ ధర రెట్టింపైనా ఇరవై వేలు దాటదు. అమెరికాలో కొత్త కారు సగటు ధర అప్పటికే 45 వేల డాలర్ల పైమాట. అందుకే 2025 జనవరిలో రెండో గడియ పడింది. ఇంటర్నెట్‌తో అనుసంధానమయ్యే కార్లలో చైనా సాఫ్ట్‌వేర్‌ను 2027 మోడళ్ల నుంచి, విడిభాగాలను 2030 మోడళ్ల నుంచి నిషేధించారు. కెమెరాలు, మైకులు, జీపీఎస్ ఉన్న కారు పరాయి దేశానికి సమాచారం చేరవేస్తుందన్నది అక్కడి ప్రభుత్వ వాదన.

అలాగని చైనా బండి అమెరికా రోడ్డెక్కనే లేదనుకుంటే పొరపాటు. జనరల్ మోటార్స్ వారి పెట్రోలు కారు బ్యూయిక్ ఎన్విజన్ చైనాలోనే తయారై అక్కడికి వెళ్లింది. బీవైడీ కూడా 2013లో కాలిఫోర్నియాలోని లాంకాస్టర్‌లో విద్యుత్ బస్సుల ఫ్యాక్టరీ పెట్టింది. కారు రాకముందే బస్సు వచ్చింది. 2019 చివర్లో వచ్చిన చట్టం అలాంటి బస్సుల కొనుగోలుకు కేంద్ర నిధులు అందకుండా చేసింది.

సుంకం దెబ్బ ఎలా ఉంటుందో నెల్లూరు దగ్గరి మైపాడు తీరానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతపు వనామీ రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాదే. 2025 ఆగస్టులో భారత సరుకుపై సుంకం 50 శాతానికి చేరింది. దాన్ని కట్టాల్సింది అక్కడి దిగుమతిదారే అయినా, కోత పడింది మాత్రం ఇక్కడ చెరువు గట్టు మీద చెప్పే కౌంటు ధరలో.

గోడ కట్టడంలో భారతదేశమూ తక్కువ తినలేదు. 2020 ఏప్రిల్ నాటి ‘ప్రెస్ నోట్ 3’ ప్రకారం సరిహద్దు దేశాల పెట్టుబడి ఏదైనా కేంద్రం అనుమతితోనే రావాల్సి వచ్చింది. రెండు నెలలకే చైనాతో గల్వాన్ ఘర్షణ జరిగింది. 2023లో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో విద్యుత్ కార్ల ఫ్యాక్టరీ పెడతామని బీవైడీ ముందుకొచ్చింది. భద్రతా కారణాలతో ఆ ప్రతిపాదనను తిప్పికొట్టారు.

చిత్రమేమిటంటే ఇదే జోడీ బస్సుల్లో ఎప్పుడో కుదిరింది. గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్ 2015లోనే బీవైడీ సాంకేతికత తీసుకుంది. 2018లో ఆ సంస్థే మేఘా చేతికి వచ్చి ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ అయింది. 2019లో హైదరాబాదు విమానాశ్రయానికి, 2022 సెప్టెంబరులో తిరుమల కొండకు ఆ బస్సులే నడిచాయి. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ తిరుపతి కేంద్రంగా తీసుకున్న 100 బస్సుల్లో 50 ఘాట్ రోడ్డుకు పోగా, నెల్లూరు రూటుకు 12 కేటాయించారు. మైపాడు మనిషి నెల్లూరు దాకా వెళ్లి తిరుపతికి ఆ విద్యుత్ బస్సెక్కితే, చైనా పరిజ్ఞానం కాళ్ల కింద ఉన్నట్టే.

ఘాట్‌లో ఈ బండి పనితనం చూడాలి. ఎక్కేటప్పుడు బ్యాటరీని తాగేస్తుంది. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి చక్రాలను నిలవరిస్తూ, ఖర్చయిన కరెంటులో కొంత తిరిగి బ్యాటరీకి పంపుతుంది. బ్రేకులకు పని తగ్గుతుంది. ఆర్టీసీ ఈ బస్సులను కొనలేదు, కిలోమీటరుకు ఇంత అని అద్దె చెల్లిస్తుంది. బ్యాటరీ బాధ్యత కంపెనీదే.

కారు సంగతి అక్కడే ఆగింది. బీవైడీ మన దేశంలో అమ్మే కార్లు భారీ సుంకంతో వస్తాయి కనుక సామాన్యుడికి అందవు. 4,150 కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టే సంస్థకు ఏడాదికి 8,000 కార్ల వరకు 15 శాతం సుంకమే చాలని 2024 మార్చిలో కేంద్రం కొత్త విధానం తెచ్చింది. కానీ చైనా సంస్థ ఆ పెట్టుబడి తేవాలంటే ముందు దాటాల్సింది ప్రెస్ నోట్ 3 నే.